హాల్లో వేలాడిన వీధి

మా ఆయన నన్ను అనుమానప్పక్షి అంటాడు. కాదని నేనూ అనను. పాలు వేలికి రాసుకుని చూడనిదే పొయ్యి మీద పెట్టను. ఆటో అతను ‘ఇది అడ్డదారండి’ అన్నాడంటే అది చుట్టుదారే అని నా లెక్క. పదిహేనేళ్ళుగా హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను మరి. ఇద్దరు పిల్లల పేపర్లలో ఒకే తప్పు ఒకే చోట కనిపిస్తే ఎవరు ఎవరిని చూసి రాశారో తేల్చడం నాకు వెన్నతో పెట్టిన విద్య. అలాంటిదాన్ని, ఈ వేసవిలో, అనుమానించాల్సిన వాళ్ళని వదిలేసి అనుమానించకూడని మనిషిని అనుమానించాను. ఆ సంగతే ఇది.

అమలాపురం ఊరి చివర, పంట కాలవ పక్కన, మేం కొత్తగా ఇల్లు కట్టుకున్నాం. ఉండేది నలుగురం. నేను, మా ఆయన క్రాంతికుమార్, ఎనిమిదేళ్ళ మా బ్లెస్సీ, మా అత్తగారు ఎలీసమ్మగారు. ఆవిడకి డెబ్భై దాటాయి. రెండు కళ్ళకీ శుక్లాలు. ఇల్లు పూర్తయ్యాక ఆపరేషన్ చేయిద్దామని ఆపాం.

గృహప్రతిష్ఠ ప్రార్థనకి పాస్టరు గారు వచ్చి గదిగదికీ ప్రార్థన చేసి వెళ్ళారు. చుట్టాలు బిర్యానీ తిని, తలా ఒక గోడ గడియారం ఇచ్చి వెళ్ళారు. మొత్తం ఏడు గడియారాలు. వాటిని చూసి క్రాంతికి ఒళ్ళు మండింది.

“గోడల మీద టైమెందుకే, చరిత్ర ఉండాలి” అన్నాడు. ఆయన జూనియర్ కాలేజీలో హిస్టరీ లెక్చరర్ లెండి.

అలా తగిలాడు ఏడుకొండలు. బస్టాండు దగ్గర ఫ్లెక్సీలు వేసే కొట్టు అతనిది. ఈమధ్య పాత వీధుల ఫోటోలు సంపాదించి, వాటిని అల్యూమినియం రేకుల మీద వేయించి అమ్ముతున్నాడు. కొత్త ఇళ్ళవాళ్ళు ఎగబడి కొంటున్నారట.

“కాగితం కాదండి మేడమ్. రంగు రేకులోకి దిగిపోద్దండి. మన గోదారి చెమ్మకి బూజు పట్టదు, చెద తినదు. వందేళ్ళుంటాదండి” అన్నాడు.

“వందేళ్ళ తర్వాత పాడైతే అడగడానికి మీరుంటారా?” అన్నాను.

“ఆయ్, మా అబ్బాయుంటాడండి” అని నవ్వేశాడు.

మూడు తీసుకున్నాం. ఒకటి గడియార స్తంభం సెంటరు, జట్కా బళ్ళ కాలం నాటిది. ఒకటి పడవలు ఆగే రేవు వీధి. ఆ రెండూ చిన్నవి, వాటి ఊసు మనకక్కర్లేదు. మూడోది ఆరడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు. ఏడుకొండలు మనిషే వచ్చి, వీధి గుమ్మానికి ఎదురుగా హాలు గోడకి నాలుగు మరలు బిగించి వెళ్ళాడు. గోడకి అంటకుండా, వేలెడు ఎడంగా నిలిచింది.

నలుపు తెలుపు వీధి. రెండు వైపులా పెంకుటిళ్ళు, వాటికి ఎత్తైన అరుగులు, అరుగుల మీద మనుషులు. ఎద్దుబండి ఒకటి. గొడుగు పట్టుకున్నాయన ఒకరు. బిందెలతో ఇద్దరు ఆడవాళ్ళు. అన్నిటికన్నా ముందు, దాదాపు మన ఎత్తున, శాలువా కప్పుకున్న పెద్దమనిషి. కెమెరా కొత్త వింత కాబట్టి అందరూ కెమెరా కేసే చూస్తున్నారు. అంటే మా కేసే. దూరాన వీధి సన్నబడి, చివరికి ఎండలో తెల్లగా కలిసిపోయింది. నేనూ బ్లెస్సీ వేలు పెట్టి లెక్కపెట్టాం. పధ్నాలుగు మంది.

“ఇదెక్కడి వీధో తెలుసా?” అన్నాడు క్రాంతి, చేతులు కట్టుకుని దాని ముందు నిలబడి. “కొత్తపేట అవతల. మా అమ్మ వాళ్ళ తాతని ఇందులో అడుగు పెట్టనిచ్చేవాళ్ళు కాదు. ఇప్పుడు నా హాల్లో, నా మరలకి వేలాడుతోంది.”

ఆయన ఆనందం నాకు అర్థమైంది. ఆ మాట విన్నప్పుడు నాకూ గర్వంగానే అనిపించింది.

“అంతా బానే ఉంది గానీ, రోజూ మనం అన్నం తింటుంటే వాళ్ళు చూస్తూ కూర్చోవడం ఎందుకండీ?” అన్నాను.

“అదే నీతో వచ్చిన చిక్కు” అని ఆయన గడియారాలన్నీ అటక మీదకి ఎక్కించేశాడు.

నాలుగు రోజులకి ఆయన ఇంటర్ పేపర్లు దిద్దడానికి రాజమండ్రి వెళ్ళాడు. వారం దాకా రాడు. ఆయన వెళ్ళిన మర్నాడు పొద్దున్న నేను వంటింట్లో కొబ్బరి తురుముతుంటే హాల్లోంచి అత్తయ్యగారి మాట వినిపించింది.

“అయ్యో, అక్కడే నిలబడిపోయేరేంటండీ? లోపలికి రండి.”

ఎవరో వచ్చారనుకుని చేతులు కడుక్కుని వెళ్ళాను. గుమ్మంలో ఎవరూ లేరు. ఆవిడ రేకు ముందు కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది.

“అత్తయ్యగారూ, అది ఫోటో అండి.”

“ఫోటో అని తెల్దేంటమ్మా నాకు? ఆ చివర నిలబడ్డాయన్ని అంటన్నాను.”

“అక్కడెవరూ లేరండి.”

“శుక్లాలు నాకొచ్చేయా, నీకొచ్చేయా?” అంది ఆవిడ.

నవ్వుతూనే దగ్గరికెళ్ళి చూశాను. వీధి చివర, ఆ తెల్లటి ఎండలో, బియ్యపు గింజంత మనిషి. మరకేమో అని మెత్తటి గుడ్డతో తుడిచాను. పోలేదు. గోటితో గీకాను. గోరు జారింది. బయట ఏప్రిల్ ఎండ మండిపోతుంటే ఆ రేకు మాత్రం చల్లగా, ఫ్రిజ్‌లోంచి తీసిన గిన్నెలా ఉంది. మళ్ళీ లెక్కపెట్టాను. పదిహేను.

నా లెక్క తప్పదు. కాబట్టి తప్పు ఏడుకొండలుదే అయ్యుండాలి. సాయంత్రం బ్లెస్సీని వెంటేసుకుని అతని కొట్టుకి వెళ్ళాను. అతను కంప్యూటర్లో అసలు ఫోటో తెరిచి, వీధి చివరని పెద్దది చేస్తూ, చేస్తూ, గళ్ళు గళ్ళుగా విడిపోయేదాకా చూపించాడు.

“ఎవరూ లేరండి మేడమ్. ఆ వీధిలో ఓ పెంకుటిల్లు పడగొడతంటే అటక మీద పాత ఫోటో గాజు పలక దొరికిందండి. దాన్నించి తీసేం. రేకు మీద గీత పడిందేమో, తెచ్చెయ్యండి, మార్చేస్తాను.”

అప్పుడే ఇచ్చేసి ఉండాల్సింది. కానీ అతను అంత సులువుగా ఒప్పుకోవడంతో నాకు ఇంకో అనుమానం వచ్చింది... వేరే వాళ్ళు వెనక్కిచ్చిన నాసిరకం రేకు మాకు అంటగడతాడేమోనని. క్రాంతి వచ్చాక చూద్దాంలే అని ఇంటికొచ్చేశాను.

ఇంటికొచ్చేసరికి ఆ మనిషి మొదటి ఇల్లు దాటి ఉన్నాడు.

బియ్యపు గింజ కాదు, బొటనవేలంత. తెల్ల పంచె. పైన ఏమీ లేదు. మొహం ఎండ వెలుగులో కలిసిపోయి కనిపించట్లేదు. బ్లెస్సీని లోపలికి పంపేసి అత్తయ్యగారిని నిలదీశాను.

“మీరు ఇంకా పిలుస్తున్నారా ఆయన్ని?”

“పిలవకపోతే ఎలా వస్తారమ్మా? పిలవందే రానివ్వరు కదా అక్కడ.”

“ఎవరండీ ఆయన?”

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

“మా తాతయ్య. యాకోబు. మా నాన్నకి ఆరేళ్ళప్పుడు జొరం వచ్చి మనిషి దక్కడన్నారంట. మందిచ్చే ఆచారిగారు ఆ వీధిలో ఉండేవారు. తాతయ్య పొద్దున్నించీ వీధి మొదట్లో నిలబడి, ‘అయ్యా, ఎవరైనా చెప్పండయ్యా’ అని పిలిచేరంట. ఎవరూ పలకలేదు. మిట్టమధ్యాహ్నం అయ్యేసరికి ఇంక ఆగలేక లోపలికెళ్ళేరు. అంతే. వెళ్ళిన మనిషి మళ్ళీ రాలేదు. గోదాట్లో పడిపోయేడని చెప్పేరు. జొరం దానంతటదే తగ్గింది. మా నాన్న బతికేడు.”

నేను తెచ్చిచ్చిన మంచినీళ్ళు తాగి మళ్ళీ అందుకుంది.

“మా నాన్న చచ్చిపోయేదాకా గుమ్మంలోకి ఎవరొచ్చినా నిలబడనిచ్చేవాడు కాదమ్మా. ముష్టివాడొచ్చినా లోపలికి రా అనేవాడు. వాళ్ళ నాన్న వస్తాడని. ఆయన చూడలేదు, నేను చూస్తన్నాను. ఆయన ఇంటికి చేరేదాకా నేను పిలుస్తానే ఉంటాను.”

ఆవిడ అంటే నాకు ప్రాణం. నా కాన్పుకి మా అమ్మ రాలేకపోతే నలభై రోజులు నా మంచం దగ్గర కూర్చుంది. అయినా, సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు ఆవిడ మాట మీద నమ్మకం కలగలేదు. తాతయ్య అని ఆవిడ అనుకుంటోంది. మొహం కనిపించని మనిషి తాతయ్యే అని ఏమిటి రుజువు? వందేళ్ళ నాడు పోయినవాడు, ఎనిమిదేళ్ళ పిల్ల ఆడుకునే హాల్లోకి వచ్చి ఏం చేస్తాడు?

క్రాంతికి ఫోన్ చేశాను.

“లెక్కల టీచరువి, నీకే ఒకటి ఎక్కువొచ్చిందా?” అని నవ్వాడు. “మా అమ్మతో కూర్చుని కాస్త ప్రార్థన చేసుకో. సోమవారం వచ్చేస్తా.”

ఆ సాయంత్రం రేకు మీద దుప్పటి కప్పాను. పొద్దున్న లేచేసరికి దుప్పటి మడతపెట్టి సోఫా మీద ఉంది.

“ముసుగేస్తే దారెలా కనపడుద్దమ్మా ఆయనకి?” అంది అత్తయ్యగారు.

శుక్రవారానికి ఆ మనిషి మూడిళ్ళు దాటాడు. అప్పుడు నాకు ఇంకొకటి కనిపించింది. గొడుగాయన మొహం లేదు. చెవీ, వెనక పిలకా ఉన్నాయి. తల అటు తిప్పాడు. శనివారానికి బిందెల ఆడవాళ్ళు ఇద్దరూ గోడల వైపు జరిగి ఉన్నారు. అరుగుల మీద కూర్చున్న వాళ్ళలో నలుగురు నిలబడి ఉన్నారు. ముందున్న శాలువా పెద్దమనిషి తప్ప అందరి వీపులూ మాకే. వాళ్ళంతా వస్తున్న మనిషి కేసి చూస్తున్నారు.

అప్పుడు కూడా నాకు ధైర్యంగా అనిపించింది, చూశారా! పోనీలే, ఆ వీధిలోనూ కాపలా ఉంది, ఎవరో ఒకరు ఆపుతారు అనుకున్నాను.

ఆదివారం చర్చికి వెళ్ళొచ్చి, భోజనాలు చేసి, బ్లెస్సీ సోఫాలో పడుకుంది. రెండున్నరకి కరెంటు పోయింది. ఫ్యాను రెక్కలు మెల్లగా ఆగాయి. కాలవ అవతల ఎక్కడో కొబ్బరికాయలు దింపుతున్న చప్పుడు అప్పటిదాకా వినిపిస్తూ ఉంది. అదీ ఆగింది. వీధి తలుపు బార్లా తీసి ఉంది గానీ గాలి లేదు. వెలుగు మాత్రం నేరుగా వచ్చి రేకు మీద పడి, హాలంతా ఒక రకమైన తెల్లటి వేడి పరుచుకుంది.

ముందు వాసన వచ్చింది. ఎండిన దుమ్ము. పేడ. ఆముదం దీపం ఆరిపోయిన వాసన. మా ఇంట్లో ఆముదం దీపం ఎవరు పెడతారు? వంటింట్లోంచి వచ్చి చూశాను.

అత్తయ్యగారు రేకు ముందు నిలబడి ఉంది. రెండు చేతులూ ముందుకి చాపింది.

ఆ మనిషి వీధి సగం దాటేశాడు. జానెడు ఎత్తున ఉన్నాడు. చూస్తున్నంతసేపూ కదలడు... రెప్ప వేసి తీస్తే, ఇంకో అడుగు దగ్గర. అరుగుల మీద ఎవరూ కూర్చుని లేరు. అందరూ వీధిలోకి దిగారు. ఇద్దరి చేతుల్లో కర్రలు.

“రండి తాతయ్యా... వచ్చేరు, అయిపోయింది... ఇంకొంచెం...” గుసగుసగా అంటోంది ఆవిడ.

“అత్తయ్యగారూ, ఇటు రండి” అన్నాను.

సోఫాలో బ్లెస్సీ లేచి కూర్చుంది. కళ్ళు మూసుకునే ఉంది.

“మమ్మీ... ఎవరో మందు అడుగుతున్నారు.”

రెప్ప పడింది. ఇంకో అడుగు.

ఇప్పుడు మొహం కనిపిస్తోంది. ఒక్క క్షణం ఆగి ఆ మొహం చూసి ఉంటే చాలేది. మా అత్తగారి నుదురో, మా ఆయన గెడ్డమో కనిపించేదేమో. నేను చూడలేదు. నా కళ్ళు బ్లెస్సీ మీద ఉన్నాయి. ఆ మనిషి అడుగులు తిన్నగా ఆ సోఫా కేసే.

ఆ వీధివాళ్ళలో ఒక్కడే మా వైపు తిరిగి ఉన్నాడు. అందరికన్నా ముందున్న శాలువా పెద్దమనిషి. నిమ్మళంగా, మర్యాదగా, ‘ఏం చెయ్యమంటారమ్మా?’ అన్నట్టు చూస్తున్నాడు. మన వైపు ఏ కష్టమొచ్చినా వీధిలో పెద్దాయన్ని పిలిచి చెప్పుకుంటాం కదా. నాకు అదే నోట్లోకి వచ్చింది.

“బాబుగారూ... ఆయన్ని ఆపండి. మా ఇంట్లో చిన్నపిల్లుంది.”

రేకులోంచి, చాలా నెమ్మదిగా, చాలా గౌరవంగా...

“ఆయ్.”

తర్వాత దెబ్బలు.

టంగ్... టంగ్... రేకు మరల మీద అదిరింది. మనిషి అరుపు వినిపించలేదు. అరిచి ఉంటే బాగుండేది. ఒక్క దెబ్బ, ఒక్క ఊపిరి. మళ్ళీ దెబ్బ. మా అత్తయ్యగారు రెండు అరచేతులతో రేకుని కొడుతూ “వదిలెయ్యండి బాబూ! బిడ్డకి జొరం బాబూ!” అని ఏడుస్తోంది. నేను బ్లెస్సీని గుండెకి హత్తుకుని గోడకి అంటుకుపోయాను. ఎంతసేపో తెలీదు.

ఫ్యాను తిరిగింది.

రేకులో అందరూ ఎవరి అరుగు మీద వాళ్ళు కూర్చుని మా కేసి చూస్తున్నారు. గొడుగాయన, బిందెలు, బండి, అన్నీ సరిగ్గా ఉన్నాయి. వీధిలో ఇంకెవరూ లేరు. సగం దారిలో మాత్రం, దుమ్ము మీద, ఎవరో నీళ్ళు ఒలకబోసినట్టు నల్లటి చెమ్మ. రేకు లోపలి నించి బయటికి ఉబ్బి ఏడు సొట్టలు. వేలితో తడిమితే గోరువెచ్చగా ఉన్నాయి.

అత్తయ్యగారు నేల మీద కూలబడి ఉంది. లేపబోతే నా చెయ్యి తోసేసింది. ఆవిడ జీవితంలో నన్ను తోసెయ్యడం అదే మొదలు.

“వాళ్ళని బాబుగారూ అన్నావమ్మా” అంది. “మన ఇంట్లోంచి, మన నోటితో అన్నావు.”

సోమవారం క్రాంతి వచ్చి సొట్టలు చూసి ఏడుకొండలు మీద అరిచాడు. రేకు వెనక్కి ఇచ్చేశాం. మార్చి ఇస్తానన్నాడు, నేనే వద్దన్నాను. జరిగింది చెబితే క్రాంతి నమ్మలేదు. వాళ్ళ అమ్మని అడిగాడు. ఆవిడ ఏమీ చెప్పలేదు. మరుసటి వారం రాజోల్లో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. ఫోన్ చేస్తే బ్లెస్సీతో మాట్లాడుతుంది. నాతో “బాగున్నావామ్మా” అని పెట్టేస్తుంది. ఆ ఇంటి వందేళ్ళ ఎదురుచూపుని నేను ఒక్క మాటతో చంపేశాను. తప్పు నాదే, ఆ మాట ఎన్నిసార్లు చెప్పుకున్నా తక్కువే.

ఇప్పుడు హాలు గోడ బోసిగా ఉంది. నాలుగు మరలు మాత్రం మిగిలాయి.

నిన్న బళ్ళు తెరిచారు. మొదటి రోజు కదా, ఒంటిపూట బడి. మధ్యాహ్నం ఆటో ఆగిన చప్పుడైంది. నేను ముందే వచ్చి అన్నం వడ్డిస్తున్నాను. ఎంతకీ బ్లెస్సీ లోపలికి రాలేదు. గుమ్మం దగ్గరికి వెళ్ళి చూశాను.

మెట్ల కింద, కాలే సిమెంటు మీద నిలబడి ఉంది. వట్టి కాళ్ళతో. బూట్లు రెండూ విప్పి చేత్తో పట్టుకుంది.

“కాళ్ళు కాలట్లేదే? లోపలికి రా!”

రాలేదు. నన్ను దాటి, నా భుజం మీంచి హాల్లోకి చూస్తోంది.

“ఏంటమ్మా? రా, నేను పిలుస్తున్నాగా.”

“నువ్వు కాదు మమ్మీ” అంది, పెదాలు కదిలీ కదలనట్టు. “వాళ్ళు రమ్మనాలి.”

ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. నా వెనక, హాల్లో, ఎవరో మెల్లగా గొంతు సవరించుకున్నారు.

బ్లెస్సీ తల దించుకుని, రెండడుగులు వెనక్కి, ఎండలోకి జరిగింది.